గళ్ల వైపు

మార్కాపురం పలకకు రెండు వైపులు. ఒకటి నున్నటి వైపు, అక్షరాలు దిద్దుకోవడానికి. రెండోది గళ్ల వైపు, అంకెలకు. నున్నటి వైపు ఎంత రాసినా, ఎంత తుడిచినా దాని నునుపు దానిదే. గళ్ల వైపు వేలితో తడిమితే సన్నటి గీతలు తగిలేవి. బలపం ఆ గీతల్లో పడి టకటకమని దాటుకుంటూ పోయేది. ఆ చప్పుడు వినబడితే మా అవ్వ వంటింట్లోంచే, "లెక్కలు చేస్తన్నావా నాయనా" అనేది.

మా ఇంట్లో పలకలు కొని ఎరగం. నాన్న పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించేవాడు. మూల పెచ్చు లేచినవీ చట్రంలో సరిగా కూర్చోనివీ సాయంత్రం సంచిలో ఇంటికి వచ్చేవి. కొత్త పలక బూడిదరంగులో ఉండేది. బొగ్గు నూరి, దొండాకు పిండి రెండు వైపులా రుద్ది ఎండలో పెడితే నల్లగా నిగనిగలాడేది. దొండపాదు లేని ఇల్లు మా వీధిలో ఉండేది కాదు. పిల్లలున్న ఇంటి పాదుకు ఆకు నిలిచేది కాదు.

మా చుట్టుపక్కల రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు కంభం పేరుతో పిలిచే శిలల్లో చేర్చి లెక్కగడతారు. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన బురద అది. పేరుకుని, నలిగి, గట్టిపడి, రాయై కూడా పొర పొర విడివిడిగా గుర్తుంచుకుంది. గనిలోంచి తెచ్చిన దిమ్మకు అంచున ఉలి ఆనించి సుత్తితో చిన్నగా కొడితే పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోయేది. ఆ పని చేసేవాళ్ళ కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది. మా వీధిలో దగ్గు వినిపించని రాత్రి లేదు. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకల వెనక ఆ దగ్గు ఉందని ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

గళ్లు గీసే చోటు నాకు బాగా గుర్తు. రేకుల కప్పు కింద నలుగురైదుగురు ఆడవాళ్ళు బల్లల ముందు కూర్చుని, కొలబద్ద ఆనించి ఇనప మొనతో రాయి మీద గీత లాగేవాళ్ళు. ఒకే ఊపు. మధ్యలో ఆగితే గీత వంకరపోతుంది. అడ్డం గీతలు అయ్యాక పలకను తిప్పి నిలువు గీతలు. మాటలు సాగుతూనే ఉండేవి, చేతులు మాత్రం తప్పేవి కావు.

ఆ గళ్ల వైపుకు ఇంకో పని ఉందని నాకు తెలిసింది 1988 వేసవిలో, గిద్దలూరులో.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో మీటర్ గేజి రైలెక్కితే తర్లుపాడు, కంభం దాటుకుంటూ నింపాదిగా గిద్దలూరు చేర్చేది. ఆ తర్వాత దిగువమెట్ట, ఇక నల్లమల అడవే. మా మేనమామకు గిద్దలూరు బజారులో రేడియోలు, టేపురికార్డర్లు, టీవీలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. సోల్డరింగ్ పొగ, రజను వాసన, గోడకు తగిలించిన వాల్వు రేడియోల అస్థిపంజరాలు. సెలవులు మొత్తం అక్కడే గడిచేవి.

ఆ ఏడు మామ మద్రాసు రిచీ స్ట్రీటుకు సామాను కోసం వెళ్ళి, ఒక నల్ల మీటల పెట్టె తెచ్చాడు. ఎవరో వాడి అమ్మేసిందట. స్పెక్ట్రమ్ ప్లస్. బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ 1982లో తెచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కు అది తర్వాతి రూపం. మన దేశంలో పుణె నుంచి డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు అమ్మారు. జ్ఞాపకం 48 కిలోబైట్లు. తెర ఉండదు, మన టీవీయే తెర. డిస్కు ఉండదు, మన టేపురికార్డరే డిస్కు. అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1984-85లో, కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నేను చదివిన బడికి అవి రాలేదు. నేను కళ్ళారా చూసిన మొదటి కంప్యూటర్ మా మామ బల్ల మీద, విప్పిన ట్రాన్సిస్టర్ పక్కన ఉన్నదే.

బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్ టీవీకి వైరు పెట్టి, మామ మీట తిప్పుతూ పోయాడు. ఇసుక రాలినట్టున్న తెర ఉన్నట్టుండి శుభ్రపడి తెల్లగా నిలిచింది. అడుగున ఒకే వరస ఇంగ్లీషు అక్షరాలు, 1982 అనే అంకె. తక్కినదంతా ఖాళీ.

"ఏంది మామా, ఏం రాలేదు?"

"అంతే అల్లుడూ. నువ్వు ఏదన్నా చెప్తేనే అది చేసేది."

ఆ మాట నాకు అప్పుడే నచ్చింది. రేడియో తనంతట తాను మాట్లాడుతుంది. టీవీ తనంతట తాను ఆడుతుంది. ఇది మాత్రం పలకలాగా ఎదురు చూస్తోంది. పి మీట నొక్కితే ప్రింట్ అనే మాట మొత్తం ఒక్కసారిగా వచ్చి కూర్చునేది. దాని పక్కన పేరు రాసి ఎంటర్ నొక్కితే పేరు తెర పైభాగాన కనిపించేది. రాయడం, చేయించడం, చెరపడం, మళ్ళీ రాయడం. అందులో తెర రంగును పేపర్ అనీ, అక్షరం రంగును ఇంక్ అనీ అనాలి. పేపర్ అన్న మాట రావాలంటే మూడు మీటల మీద వేళ్ళు పడాలి. పేపర్ 0, ఇంక్ 7, చుట్టూ అంచుకు బోర్డర్ 0 అని చెప్తే తెర నల్లబడి అక్షరం తెల్లబడేది. నేను రోజూ ముందు చేసిన పని అదే. దొండాకు రుద్దినట్టు.

మామ దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండేది, కవరు చిరిగింది. అందులో ఒక పేజీలో ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్ల బొమ్మ ఉంది. యంత్రంలో ప్రతి అక్షరమూ ఆ 64 గళ్లలోనే ఉంటుందనీ, 21 అక్షరాలను మన ఇష్టమొచ్చినట్టు తయారుచేసుకోవచ్చనీ రాసుంది. నింపిన గడి 1, ఖాళీ గడి 0. కుడి నుంచి ఎడమకు గళ్ల విలువలు 1, 2, 4, 8, 16, 32, 64, 128. ఒక వరసలో నింపిన గళ్ల విలువలు కూడితే ఒక అంకె. ఎనిమిది వరసలకు ఎనిమిది అంకెలు. ఆ ఎనిమిదీ యంత్రానికి చెప్తే ఆ అక్షరం దానికి వచ్చేసినట్టే.

ఇంగ్లీషు తప్ప ఏమీ రాని పెట్టెకు తెలుగు నేర్పొచ్చని ఆ పేజీ చెప్తోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మామ కూతురి పలక తీసుకున్నాను. మా నాన్న పంపిన పలకే అది. గళ్ల వైపు తిప్పి, ఎనిమిది గళ్లు లెక్కబెట్టి చుట్టూ బలపంతో గడి కట్టాను. మొదట సున్న. 60, 66, 129, 129, 129, 129, 66, 60. పోక్ అనే మాటతో ఎనిమిది అంకెలూ ఒక్కొక్కటే చెప్పి ప్రింట్ చేస్తే తెర మీద సున్న నిలబడింది. ఇంగ్లీషు ఓ అక్షరం పక్కన పెట్టి చూశాను. మనదే గుండ్రంగా ఉంది.

సున్నను కొంచెం కుదించి తలకట్టు పెడితే ర. 2, 36, 24, 60, 66, 66, 66, 60. మధ్య వరసలో 66 తీసేసి 90 పెడితే కడుపులో చుక్క పడి ఠ అయింది. అలా ఒక అంకె మారిస్తే ఇంకో అక్షరం కావడం చూసి, మా బళ్ళో అయ్యవారు గుణింతం చెప్పిన రోజులు గుర్తొచ్చాయి. అ మాత్రం లొంగలేదు. ఎనిమిది గళ్లలో ఆ మెలిక పట్టక తెల్లటి ముద్ద అయింది. అప్పుడు తెలిసింది, వెడల్పు అక్షరానికి పక్కపక్కన రెండు గదులు కావాలని.

నాలుగు రోజుల తర్వాత మా ఊరి పేరు మొదలుపెట్టాను. మా కి రెండు గదులు. రా కి రెండు. దాని కింది వరసలో క వత్తుకు విడిగా ఒకటి. పు కి రెండు. మళ్ళీ ర, సున్న. మొత్తం తొమ్మిది గదులు, 72 అంకెలు. వత్తును సరిగ్గా కింద కూర్చోబెట్టడానికి తెర మీద అడ్డం ఎన్నో గది, నిలువు ఎన్నో గది అని లెక్క చెప్పాలి. పలక మీద చెయ్యి తనంతట తాను కిందికి జారి వత్తు పెట్టి పైకి వస్తుంది. ఆ చిన్న కదలికలో ఎంత లెక్క దాగుందో అప్పుడు చూశాను. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. కరెంటు పోతే ఆ పెట్టెలో ఏమీ మిగలదు. రెండుసార్లూ పలక మీది అంకెలు చూసి మళ్ళీ కొట్టాను.

మార్కాపురం అని తెర మీద నిలిచినప్పుడు దుకాణంలో ముగ్గురు మనుషులున్నారు. ఒకాయన రేడియో సంచి కింద పెట్టి దగ్గరికొచ్చి చదివాడు. మామ చాలాసేపు చూసి, "మా గిద్దలూరు సంగతేంది అల్లుడూ?" అన్నాడు. మిగిలిన పన్నెండు గదుల్లో గిద్దలూరు ఇరికించాను. ద కింద ద వత్తు అందంగా కుదిరింది. అంతటితో 21 అయిపోయాయి.

వాటిని దాచాలంటే క్యాసెట్టు కావాలి. 21 అక్షరాలు, ఒక్కోదానికి 8 అంకెలు, 168 బైట్లు. చేతికందిన క్యాసెట్టు పెట్టి రికార్డు మీట నొక్కాను. కీచుమంటూ పది సెకన్లు. అది మామ ప్రాణంగా చూసుకునే పద్యనాటకం క్యాసెట్టని తర్వాత తెలిసింది. ఒక పద్యం మధ్యలో నా అక్షరాలు దిగబడ్డాయి. మామ తిట్టలేదు. ఆ కీచు శబ్దం దాకా వచ్చినప్పుడల్లా చెయ్యి పైకెత్తి, "ఇది మా అల్లుడి పద్యం" అని పక్కవాళ్ళకు చెప్పేవాడని అత్త చెప్పేది.

రెండేళ్ళకు ఆ పెట్టె చెడింది. దానికి కావలసిన చిప్పు గిద్దలూరులోనూ దొరకలేదు, గుంటూరులోనూ దొరకలేదు. తర్వాత నేను చూసినవి కంప్యూటర్ సెంటర్లు. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి వెళ్ళి, డాస్ ప్రాంప్టు ముందు గంటకు ఇంత అని కూర్చోవడం. అక్కడా నల్ల తెరే, అక్కడా ఎదురుచూసే గీతే. అయితే ఆ నల్ల తెర మా ఇంటిది కాదు. తర్వాత కిటికీల బొమ్మలొచ్చాయి, మౌసు వచ్చింది. నల్ల తెర వెనక్కిపోయింది. సుమారు ఆ కాలంలోనే మా ఊళ్ళో పలకలూ వెనక్కిపోయాయి. రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు. పలకరాయి ఇళ్ళ నేలలకూ గోడలకూ వేసే బండలుగా పోవడం మొదలైంది. గళ్లు గీసే బల్లలను మాత్రం నేను మళ్ళీ చూడలేదు.

మా అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. నేను ఈ కథలు చెప్పగా చెప్పగా, ఒకసారి పండక్కి వస్తూ ద సి64 మినీ అనే బొమ్మంత పెట్టె తెచ్చాడు. 1982 నాటి కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌ను పోలి 2018లో వచ్చింది. టీవీకి పెడితే పాత ఆటలన్నీ బొమ్మల పట్టీలా వస్తాయి. ఆశగా మీటల మీద వేలు పెట్టాను. అవి కదలవు. మీటలన్నీ కలిపి ఒకే ముద్దగా పోసిన ప్లాస్టిక్. రాయాలంటే వేరే కీబోర్డు తగిలించాలి. నాకు కష్టమనిపించింది. రాయడానికి పుట్టిన పెట్టెకు గుర్తుగా చేసినదానిలో రాసుకునే చోటే బొమ్మగా మారింది.

"నాన్నా, దీని లోపల నడిచేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. పైన కమడోర్ వేషం," అన్నాడు అబ్బాయి. అంటే ఆటల బొమ్మల కింద ఎక్కడో నల్ల తెరా, ఎదురుచూసే గీతా ఉన్నాయన్నమాట. దాన్ని షెల్ అంటారని చెప్పాడు. ఇలాంటి పెట్టెలు విప్పి, బోర్డు మీది సీరియల్ చుక్కలకు మూడు తీగలు అతికి, ఆ షెల్ దాకా చేరడానికి ప్రపంచంలో చాలామంది రాత్రిళ్ళు మేలుకుంటారట. నాకు అది వింతగా అనిపించలేదు. రాసుకునే చోటు కోసం వెతుకుతున్నారు వాళ్ళు.

కొందరు ఇంకా దూరం వెళ్ళారు. జర్మనీలో డేనియల్ డాల్‌మన్ అనే ఆయన 1990ల్లోనే కమడోర్ 64 కోసం లూనిక్స్ అనే, యూనిక్స్ లాంటి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. 2012లో డిమిట్రీ గ్రిన్‌బర్గ్ ఎనిమిది బిట్ల చిప్పు మీద అసలు లినక్స్‌నే నడిపాడు. ప్రాంప్టు రావడానికి రెండు గంటలు పట్టింది. 2023లో ఇంకొకరు కమడోర్ 64కే లినక్స్ తెచ్చారు. అసలు పెట్టె మీదైతే ప్రాంప్టుకు దాదాపు వారం పడుతుందని అంచనా. ఒక ఖాళీ గీత కోసం ఇంత ఓపిక పట్టే మనుషులను తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. అసలు లినక్స్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ కూడా పదకొండేళ్ళ వయసులో తాతగారి కమడోర్ విక్-20 మీటల మీద మొదలైనవాడే. హెల్సింకీలో తాత ఒళ్ళో కూర్చున్న ఆ పిల్లవాడే 1991 ఆగస్టు 25న, నేనొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని లోకానికి చెప్పాడు. టీవీకి తగిలించిన ఇంటి పెట్టెలోంచి మొలిచిన చెట్టు ఇది.

తర్వాతి ఏడు అబ్బాయి రాస్‌బెరీ పై 400 పంపాడు. 2020 నవంబరులో వచ్చిందిది. కీబోర్డే కంప్యూటర్, టీవీయే తెర, అచ్చం మామ పెట్టె పద్ధతి. మీటలు కదులుతాయి. జ్ఞాపకం మాత్రం నాలుగు గిగాబైట్లు, ఆ పాత పెట్టెకు ఎనభై ఏడు వేల రెట్లు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 మూడూ కలిపి నొక్కమన్నాడు. బొమ్మలన్నీ తప్పుకున్నాయి. నల్ల తెర, పైన ఎడమపక్క తెల్లటి ప్రాంప్టు, దాని పక్కన మినుకుమనే గీత.

చాలాసేపు ఏమీ కొట్టలేదు. చూస్తూ కూర్చున్నాను.

తర్వాత తెలుగులో ఊరి పేరున్న ఒక ఫైలును తెరవమన్నాను. వరసగా చతురస్రాలు వచ్చాయి. కిటికీల్లో తెలుగు చక్కగా వస్తుంది. పోతన, వేమన లాంటి ఖతులు చేసినవాళ్ళూ, లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన స్వేచ్ఛ లాంటి సంస్థలవాళ్ళూ ఎంతో శ్రమపడ్డారు. అయితే కిటికీలు తీసేసిన ఈ నల్ల తెరకు ఒకేసారి 512 ఆకారాలే తెలుస్తాయి. వత్తు కింద పెట్టడం, గుడి పైన పెట్టడం దానికి రాదు. ఒక్కో ఆకారానికి ఒక్కో గది, అంతే. క నుంచి ఱ దాకా 36 హల్లులు, ఒక్కోదానికి గుణింతం 16. 576. వత్తుల జోలికి వెళ్ళకముందే గదులు చాలవు. 1988లో 21 గదులతో నేను పడిన ఇబ్బంది ఇక్కడ 512 గదులతో అలాగే ఉంది.

మామ పోయి తొమ్మిదేళ్ళు. అత్త ఇంట్లో క్యాసెట్ల పెట్టె ఇంకా ఉంది. అడిగితే కొంగుతో దుమ్ము దులిపి ఇచ్చింది. పద్యనాటకం క్యాసెట్టు మీద మామ చేతిరాత. టేపు అంచున తెల్లటి బూజు. ఒకచోట నలిగిన ముడత. పై 400కు మైకు రంధ్రం లేదు, యూఎస్‌బీ సౌండు కార్డు తెప్పించుకోవాల్సి వచ్చింది. పాత టేపురికార్డరుకు కొత్త బెల్టు వేయించి, వైరు తగిలించి, షెల్‌లోనే రికార్డు చేశాను. ఆ కీచు శబ్దాన్ని మళ్ళీ బైట్లుగా మార్చే చిన్న ప్రోగ్రాములు స్పెక్ట్రమ్ అభిమానులు రాసి ఉచితంగా ఇచ్చారు. మొదటిసారి ఏమీ రాలేదు. టేపు తల శుభ్రం చేసి, వేగం సరిచూసి, ఆరోసారికి ఒక ఫైలు వచ్చింది. చెక్‌సమ్ తప్పింది. అంటే ఎక్కడో విరిగింది.

ఫైలులోని అంకెలు వరసగా చూపించమని షెల్‌కు చెప్పాను. తెల్ల అంకెలు నల్ల తెర మీద దిగాయి. చివరి సగం చెత్త. ముడత అక్కడే పడ్డట్టుంది. గిద్దలూరు మొత్తం పోయింది. మామ అడిగి చేయించుకున్న పేరు అది. పైనుంచి చదువుకుంటూ వచ్చాను. మ కోసం గీసిన అంకెలు నాకు గుర్తు రాలేదు. ఇంకొంచెం కిందికి వచ్చాక 2, 36, 24, 60, 66, 66, 66, 60 కనిపించాయి. అక్షరంగా గీసి చూడాల్సిన పని లేకపోయింది. ర అని పైకే చదివాను.

అటక మీద నాన్న తెచ్చిన పలక ఒకటి ఉంది, చట్రం ఒకవైపు ఊడింది. దించి, పెరట్లో దొండాకు కోసి రుద్దాను. గళ్ల వైపు తిప్పితే గీతలు ఎక్కడా వంకర లేవు. మిగిలిన అంకెలను ఒక్కో వరసా గళ్లలో నింపుకుంటూ పోయాను. మా, రా, క వత్తు, పు వచ్చాయి. టకటకమని బలపం గీతలు దాటుతోంది. పక్కన టేపురికార్డరు ఆపడం మరిచిపోయాను. కీచు శబ్దం అయిపోయింది, ఒక క్షణం గరగర, ఆ వెంటనే హార్మోనియం. నేను చెరిపేసిన పద్యం చివరి పాదం మధ్యలోంచి అందుకుని, ఆ నటుడు రాగం తీస్తున్నాడు. గిద్దలూరు దుకాణంలో మామ కళ్ళు మూసుకుని తల ఊపుతూ విన్నంతసేపు.